నౌకారంగంలో నవకల్పన

ప్రపంచ దేశాల మధ్య సాగే సరుకు రవాణాలో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా నీటి మీదే జరుగుతుంది. ఇంత పెద్ద రంగంలో కొత్త పద్ధతులు ఎలా పుడతాయి, పుట్టినవాటిలో ఏవి నిలుస్తాయి, ఎందుకు నిలుస్తాయి అన్నది సాంకేతిక చరిత్రలో ప్రత్యేకంగా చదవదగ్గ విషయం. మామూలు పుస్తకాల్లో ఇది ఆవిష్కర్తల పేర్ల వరసగా కనిపిస్తుంది. ప్రొపెల్లర్ ఫలానావారిది, టర్బైన్ ఫలానావారిది, కంటైనర్ ఇంకొకరిది. దగ్గరికి వెళ్ళి చూస్తే కథ వేరుగా ఉంటుంది. ఆలోచన చాలాసార్లు పాతదే. తరచు ఒడ్డు మీది యంత్రాల నుంచో, వేరే వృత్తి నుంచో అరువు తెచ్చుకున్నదే. అది ఓడతోనో రేవుతోనో కలిసే చోట ఎవరో ఒక బేరింగునో, మేకునో, ఒక ఉక్కు మూలనో సరిగ్గా కుదిర్చిన తర్వాతే ఆ ఆలోచన సముద్రం మీదికి వెళ్ళగలిగింది. ఈ వ్యాసం ఆ అతుకుల చరిత్ర మీదే ఎక్కువసేపు నిలుస్తుంది.

ముందుగా చేసి చూడలేని వస్తువు

కార్లు చేసే కంపెనీ పది నమూనాలు చేసి, గోడకు గుద్ది, పగలగొట్టి, పదకొండోది అమ్మకానికి పెడుతుంది. ఓడకు ఆ వెసులుబాటు లేదు. పెద్ద ఓడ ఖరీదు వందల కోట్లలో ఉంటుంది, కట్టడానికి ఏళ్ళు పడుతుంది, చాలాసార్లు అదే నమూనా, అదే అసలు సరుకు. పైగా నడిసముద్రంలో ఏదైనా విరిగితే మరమ్మతుకు మెకానిక్కు రాడు. ఓడలో ఉన్న ఫిట్టరు, ఉన్న సామానుతోనే బాగుచేయాలి. అందుకే ఓడ యజమానులూ ఇంజనీర్లూ కొత్తదాన్ని అనుమానంగా చూస్తారు. బయటివాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. సగం వరకు అది అనుభవం నేర్పిన జాగ్రత్తే. 1760లో లండన్‌లో మొదలైన లాయిడ్స్ రిజిస్టర్ వంటి వర్గీకరణ సంస్థలు ఈ జాగ్రత్తకే ఒక వ్యవస్థ రూపం ఇచ్చాయి. ఓడ ఏ స్థితిలో ఉందో ఒక సర్వేయరు చూసి చెబితే తప్ప బీమా ఇచ్చేవారు ముందుకు రారు.

ఈ చిక్కును దాటడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి చిన్న నమూనా. విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, రైలుమార్గాల పని నుంచి వచ్చినవాడు, బొమ్మ ఓడను ఏ వేగంతో లాగితే అసలు ఓడ లేపినట్టే అలలు లేస్తాయో తేల్చాడు. పొడవుల నిష్పత్తికి వర్గమూలం తీస్తే వేగాల నిష్పత్తి వస్తుంది. 100 మీటర్ల ఓడకు 4 మీటర్ల నమూనా చేస్తే పొడవులో తేడా 25 రెట్లు, కాబట్టి వేగంలో తేడా 5 రెట్లు. 20 నాట్ల వేగంతో పోవలసిన ఓడను 4 నాట్లతో లాగి చూస్తే చాలు. బ్రిటిష్ నౌకాదళం ఇచ్చిన డబ్బుతో 1872లో టార్కీ పట్టణంలో, తన ఇంటి దగ్గరే, ఆయన పొడవైన నీటితొట్టె మొదలుపెట్టాడు. నమూనాలు మైనంతో పోత పోసేవారు. ఆకారం మార్చాలంటే చెక్కేస్తే సరి, పాడైతే కరిగించి మళ్ళీ పోయవచ్చు. చిన్న నమూనా ఫలితం పెద్ద ఓడకు సరిపోతుందా అని సందేహించినవారి కోసం నౌకాదళం వారి గ్రేహౌండ్ అనే అసలు ఓడనే మరో ఓడతో లాగించి కొలిపించాడు. లెక్క కుదిరింది. నేటికీ ప్రపంచంలోని పెద్ద ఓడల ఆకారాలు ఇలాంటి తొట్టెల్లోనే తేలుతున్నాయి. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఉన్న అతివేగ తొట్టె పొడవు 500 మీటర్లు.

రెండో దారి పాత ఓడ. దీని గురించి చెప్పేవారు తక్కువ. కొత్త ఇంజన్ను కొత్త ఓడలో పెట్టే ముందు, పోయినా పెద్ద బాధలేని ముసలి ఓడ ఒకటి కొని అందులో పెట్టి చూడటం. ఈ పద్ధతికి ఉదాహరణలు కిందనే వస్తాయి.

ప్రొపెల్లరూ, దాని వెనక కొయ్యముక్కా

మరచుట్టు ఆకారంలో ఉన్న రెక్కతో నీటిని వెనక్కి తోసి పడవను నడపవచ్చన్న ఊహ పద్దెనిమిదో శతాబ్దంలోనే చాలామందికి వచ్చింది. దాన్ని పట్టుబట్టి నీళ్ళలోకి దించినవాడు ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు. గొర్రెలు మేపుకునే పొలంలోని చెరువులో బొమ్మ పడవతో మొదలుపెట్టి 1836లో పేటెంటు తీసుకున్నాడు. కొన్ని వారాల తేడాతో స్వీడన్ ఇంజనీరు జాన్ ఎరిక్‌సన్ కూడా లండన్‌లోనే మరో రకానికి పేటెంటు పొందాడు. స్మిత్ మొదటి ప్రొపెల్లర్ కొయ్యది, రెండు పూర్తి చుట్లు తిరిగిన మరలా ఉండేది. 1837 మొదట్లో పాడింగ్టన్ కాలువలో ప్రయాణిస్తుండగా దానికి ఏదో తగిలి సగం ఊడిపోయింది. పడవ ఆగలేదు సరికదా, వేగం పెరిగింది. నీటిని తోసేందుకు ఒక చుట్టే చాలని, రెండోది అడ్డమేనని అలా తెలిసింది. యాదృచ్ఛికం అని దీన్ని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. అయితే పడవ వేగం పెరిగిందని గమనించి, విరిగిన ముక్కను తిరిగి అతికించకుండా ఆగడం యాదృచ్ఛికం కాదు.

1838లో నీళ్ళలోకి దించిన ఆర్కిమెడీస్ అనే ఓడతో స్మిత్ బ్రిటన్ రేవులన్నీ తిరిగి చూపించాడు. ఇసంబార్డ్ బ్రూనెల్ అనే ఇంజనీరు ఆ ఓడను కొన్నాళ్ళు అద్దెకు తీసుకుని పరీక్షించి, అప్పటికే పక్కచక్రాలతో కడుతున్న గ్రేట్ బ్రిటన్ ఓడ నమూనాను ప్రొపెల్లర్‌కు మార్చేశాడు. ఆ ఓడ 1843లో జలప్రవేశం చేసింది. 1845లో నౌకాదళం రాట్లర్ అనే ప్రొపెల్లర్ ఓడను, అలెక్టో అనే చక్రాల ఓడను వెనకవైపులు కలిపి కట్టి లాగుడు పోటీ పెట్టింది. రాట్లర్ రెండున్నర నాట్ల వేగంతో ఎదుటిదాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. అప్పటికే నౌకాదళం మరికొన్ని ప్రొపెల్లర్ ఓడలకు ఆర్డర్లు ఇచ్చేసింది కాబట్టి, ఆ పోటీ నిర్ణయం కోసం జరిగిందనడం కంటే వేడుక కోసం జరిగిందనడమే సబబు.

సాధారణంగా కథ ఇక్కడ ముగిస్తారు. అసలు కష్టం ఇక్కడే మొదలైంది. పక్కచక్రం ఇరుసు నీటిపైన ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు మాత్రం ఓడ వెనక భాగానికి రంధ్రం పెట్టి, నీటి మట్టం కింద నుంచి బయటికి రావాలి. ఆ రంధ్రంలో ఇత్తడి బేరింగులు పెడితే ఉప్పునీరూ ఇసుకా కలిసి వాటిని వేగంగా అరగదీసేవి. షాఫ్టు ఊగేది, ఓడ వెనక కొయ్యలు కదిలిపోయేవి, నీరు లోపలికి వచ్చేది. దూరప్రయాణాలకు ప్రొపెల్లర్ పనికిరాదని చాలామంది అనడానికి కారణం ఇదే. 1854లో గ్రీనిచ్ ఇంజనీరు జాన్ పెన్ దీనికి పరిష్కారం కనిపెట్టాడు. లిగ్నమ్ వైటే అనే చెట్టు కర్ర నీటిలో మునిగిపోయేంత బరువు, అందులో సహజంగా జిడ్డు ఉంటుంది. ఆ కర్రను పట్టీలుగా కోసి, పట్టీకీ పట్టీకీ మధ్య సందు వదిలి బేరింగు చుట్టూ అమర్చాడు. సందుల్లోంచి సముద్రపు నీరే పారుతూ కందెనగా పనిచేసింది. లోహం చేయలేని పని కర్ర చేసింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటి జలాంతర్గాముల్లో కూడా ఈ కర్ర బేరింగులు వాడారు. తర్వాత దాని చోటు తీసుకున్న రబ్బరు బేరింగు కూడా పరిశోధనశాలలో పుట్టింది కాదు. కాలిఫోర్నియాలో ఒక గని ఇంజనీరు పంపు బేరింగు అరిగిపోతే ప్రస్తుతానికి నడుస్తుందిలే అని రబ్బరు గొట్టం ముక్క దూర్చాడు. అది లోహం కంటే ఎక్కువకాలం నిలిచింది. నేడు చిన్న పడవల షాఫ్టులు చాలావరకు దాని వారసుల మీదే తిరుగుతున్నాయి.

ఆవిరి ఓడ గెలవడానికి పట్టిన కాలం

ఆవిరి ఓడలు పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే వచ్చినా దూర సముద్రాల సరుకు రవాణా అర్ధ శతాబ్దం పైగా తెరచాపల చేతిలోనే ఉంది. కారణం బొగ్గు. ఓడ తన ఇంధనాన్నే మోసుకుంటూ పోతే సరుకుకు చోటు మిగిలేది కాదు. ఒక సిలిండర్లో వాడిన ఆవిరిని రెండో సిలిండర్లో మళ్ళీ వాడుకునే కాంపౌండ్ ఇంజన్ను స్కాట్లండ్‌లో జాన్ ఎల్డర్ 1854లో బ్రాండన్ ఓడలో అమర్చాడు. దాన్ని చైనా వర్తకానికి పనికొచ్చేలా మలచినవాడు లివర్‌పూల్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ హోల్ట్. ఈయన కూడా రైలింజన్ల దగ్గర పని నేర్చుకున్నవాడే. తన దగ్గరున్న క్లీటర్ అనే పాత ఓడలో ముందు ప్రయోగం చేశాడు. అప్పటి బ్రిటిష్ అధికారులు ఓడ బాయిలర్లలో చదరపు అంగుళానికి 25 పౌన్ల ఒత్తిడి దాటనిచ్చేవారు కాదు. రైళ్ళలో అంతకు మించిన ఒత్తిడి రోజూ వాడుతున్నారని ఎరిగిన హోల్ట్ వారిని ఒప్పించి 60 పౌన్లకు అనుమతి తెచ్చుకున్నాడు. 1866లో ఆయన ఓడ అగమెమ్నాన్ లివర్‌పూల్ నుంచి మారిషస్ దాకా, దాదాపు 8,500 మైళ్ళు, మధ్యలో బొగ్గు కోసం ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. మూడేళ్ళకు సూయజ్ కాలువ తెరుచుకుని లండన్, బొంబాయిల మధ్య దూరాన్ని దాదాపు 40 శాతం తగ్గించింది. ఎర్రసముద్రపు గాలులు తెరచాపలకు అనుకూలించవు కాబట్టి ఆ దగ్గరిదారి ఆవిరి ఓడలకే దక్కింది.

అయినా తెరచాప వెంటనే పోలేదు. గాలికి డబ్బు కట్టనక్కర్లేదు గనుక తొందరలేని సరుకు ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా దాని మీదే సాగింది. పామిర్ అనే తెరచాప ఓడ సరుకుతో కేప్ హార్న్ చుట్టివచ్చిన ఏడాది 1949. కొత్తది వచ్చిన రోజున పాతది చనిపోతుందన్న లెక్క సముద్రం మీద చెల్లదు.

చార్ల్స్ పార్సన్స్ అనే ఇంజనీరు చేసిన ఆవిరి టర్బైన్ కథ ఇంతకంటే పేరున్నది. 1897 జూన్ 26న విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్ళు నిండిన సందర్భంగా స్పిట్‌హెడ్‌లో బారులు తీరిన యుద్ధనౌకల మధ్య నుంచి ఆయన ఓడ టర్బీనియా దూసుకుపోయింది. దాని వేగం 34 నాట్లు, వెంటాడిన పడవలు అందుకోలేకపోయాయి. ఆ తమాషాకు ముందు మూడేళ్ళ తలనొప్పి ఉంది. మొదట ఒకే షాఫ్టుతో నడిపితే ఓడ 20 నాట్లు కూడా అందుకోలేదు. టర్బైన్ మరీ వేగంగా తిరగడంతో ప్రొపెల్లర్ రెక్కల వెనక ఒత్తిడి పడిపోయి, నీరు ఆవిరి బుడగలుగా మారి, రెక్కకు పట్టు దొరక్కుండా పోతోంది. కంటికి కనపడని ఈ బుడగలను చూడడానికి పార్సన్స్ బల్ల మీద పట్టేంత నీటిగొట్టం ఒకటి చేసుకుని, అందులో చిన్న ప్రొపెల్లర్ను తిప్పుతూ మెరుపులా వెలిగి ఆరే దీపంతో పరిశీలించాడు. ఆ తర్వాతే మూడు షాఫ్టులు, ఒక్కో షాఫ్టుకు మూడు ప్రొపెల్లర్లు అనే ఏర్పాటుకు వచ్చాడు. అసలు మందు వేగం తగ్గించే పళ్ళచక్రాలని తర్వాత తేలింది. దాన్ని నిరూపించడానికి వెస్పేసియన్ అనే పాత సరుకు ఓడను కొని, ముందు దాని పాత ఇంజన్ను చక్కగా బాగుచేయించి బొగ్గు ఖర్చు కొలిచాడు. తర్వాత దాన్ని తీసి, పళ్ళచక్రాల టర్బైన్ పెట్టి మళ్ళీ కొలిచాడు. ఆదా దాదాపు 15 శాతం. యజమానులను ఒప్పించడానికి ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష ఆ కాలంలో ఇంకోటి కనబడదు.

ఓడ అడుగున జరిగే పోరాటం

కొయ్య ఓడల అడుగును సముద్రపు పురుగు తొలిచేసేది, నాచూ గుల్లలూ పట్టి వేగం తగ్గేది. బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగిరేకు తొడిగించింది. రెండేళ్ళ తర్వాత తీసి చూస్తే రేకు శుభ్రంగా ఉంది, దాన్ని పట్టి ఉంచిన ఇనుపమేకులు మాత్రం తినేసినట్టు అయిపోయాయి. ఒక విచిత్రం కూడా కనబడింది. రేకులు చుట్టివచ్చిన మోటు కాగితం కొన్నిచోట్ల ఊడకుండా మిగిలిపోయింది. అక్కడ ఇనుము చెక్కుచెదరలేదు. రెండు వేరువేరు లోహాలు ఉప్పునీటిలో తగిలితే వాటిలో ఒకటి కరిగిపోతుందన్న సంగతికి శాస్త్రం ఇంకా రాలేదు. బ్యాటరీ పుట్టడానికే మరో 40 ఏళ్ళుంది. అయినా మిస్త్రీలు పాఠం పట్టుకున్నారు. 1780లలో రాగి మిశ్రమంతో గట్టి బోల్టులు చేయడం వచ్చాక గానీ రాగి తొడుగు నమ్మకంగా నిలవలేదు.

1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఈ విద్యుద్రసాయన చర్యను తలకిందులుగా వాడుకుందామనుకున్నాడు. రాగికి ఇనుప, జింకు ముక్కలు తగిలిస్తే అవి కరుగుతూ రాగిని కాపాడతాయి. సిద్ధాంతం అక్షరాలా నిజమైంది, రాగి కరగడం ఆగింది. దాంతో పాటు నాచూ గుల్లలూ విపరీతంగా పెరిగాయి. కరుగుతున్న రాగే వాటికి విషమని, కరగని రాగి వల్ల ప్రయోజనం లేదని అప్పుడు అర్థమైంది. నౌకాదళం ఆ ముక్కలను పీకించేసింది. విజ్ఞానం పూర్తిగా సరైనదే అయినా పని పాడవగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అదే జింకు ముక్క ఇనుప ఓడల కాలంలో తిరిగివచ్చి, నేడు చాలా ఉక్కు ఓడల అడుగునా, చుక్కాని పక్కనా బోల్టులతో బిగించి కనిపిస్తుంది. డ్రై డాక్‌కు వచ్చినప్పుడల్లా అరిగినవి తీసి కొత్తవి వేస్తారు.

నాచు సమస్యకు 1960లలో తగరం కలిసిన టీబీటీ రంగు దొరికింది. అది ఎంత బాగా పనిచేసిందంటే, ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతినేదాకా ఎవరూ దాని రెండో ముఖం చూడలేదు. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చి దాన్ని నిషేధించింది. ఇప్పుడు మళ్ళీ రాగి రంగులు, జారుడు సిలికోన్ పూతలు రాజ్యమేలుతున్నాయి.

వెల్డింగ్ నేర్పిన పాఠం

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా లిబర్టీ అనే రకం సరుకు ఓడలు 2,710 కట్టింది. రివెట్లు కొట్టే నిపుణులు అంతమంది దొరకరు కాబట్టి కొత్తవారికి వెల్డింగ్ నేర్పి, ముక్కలు ముక్కలుగా కట్టి యార్డులో అతికించారు. 1942 నవంబరులో రాబర్ట్ ఈ. పియరీ అనే ఓడ ఐదు రోజుల లోపే జలప్రవేశం చేసింది. తర్వాత పగుళ్ళు మొదలయ్యాయి. 1943 జనవరిలో షెనెక్టడీ అనే వెల్డింగ్ ట్యాంకర్ ఆరెగాన్‌లో నిశ్చలమైన నీటిలో, రేవుకు కట్టి ఉండగానే పెద్ద శబ్దంతో నడుముకు విరిగింది. తప్పు వెల్డర్లదేనని మొదట అన్నారు. కొంత నిజమే. కేంబ్రిడ్జిలో లోహశాస్త్రవేత్త కాన్స్‌టన్స్ టిప్పర్ చేసిన పరిశీలనలు అసలు కారణాన్ని చూపాయి. ఆ రకం ఉక్కు ఒక చల్లదనం దాటితే గాజులా పెళుసవుతుంది. పాత ఓడలోనూ ఉక్కు గొప్పదేం కాదు, కానీ రివెట్ల ఓడలో పగులు ఒక రేకు అంచుకు వచ్చి ఆగిపోతుంది. వెల్డింగ్ ఓడంతటినీ ఒకే రేకు చేసింది. సరుకు గది మూతల చదరపు మూలలు పగులు మొదలయ్యే చోటు ఇచ్చాయి. తక్షణ చికిత్సగా మూలలను గుండ్రం చేశారు, పగులు దాటిపోకుండా అక్కడక్కడ రివెట్లతో పట్టీలు వేశారు. కొత్త పద్ధతిని నిలబెట్టడానికి పాత రివెట్టునే పిలవవలసి వచ్చింది. నేటి ఓడల ఉక్కుకు చల్లటి స్థితిలో దెబ్బ తట్టుకునే పరీక్ష తప్పనిసరి కావడానికి మూలం ఆ పగుళ్ళే.

  

పెట్టె గెలిచిన తీరు

1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే పాత యుద్ధకాలపు ట్యాంకర్ 58 లారీ పెట్టెలను డెక్కు మీద పెట్టుకుని న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. వెనకున్నది మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి. ఓడల గురించి ఆయనకు ముందు ఏమీ తెలియకపోవడమే కలిసివచ్చిందని చెప్పవచ్చు. ఓడ యజమాని దృష్టి ఓడ వేగం మీద ఉంటుంది. లారీ యజమానికి కనిపించింది రేవులో రోజుల తరబడి నిలబడిపోయిన తన లారీ. విడి సరుకును కూలీలతో ఎక్కిస్తే టన్నుకు 5 డాలర్ల 83 సెంట్లు అవుతుండగా, ఆ మొదటి ప్రయాణంలో టన్నుకు 16 సెంట్ల లోపే అయిందని లెక్క కట్టారు.

పెట్టెలో సరుకు పంపడం అంతకుముందు రైళ్ళలోనూ పడవల్లోనూ ఉంది. తేడా తెచ్చింది కీత్ టాంట్లింగర్ అనే ఇంజనీరు. పెట్టె నాలుగు నిలువు మూలల్లో బరువు దిగేలా చట్రం కట్టి, పైనా కిందా ప్రతి మూలకూ రంధ్రాలున్న పోత ఉక్కు ముక్క అమర్చాడు. ఆ రంధ్రంలోకి దూరి, పిడి తిప్పితే అడ్డం తిరిగి బిగుసుకునే ట్విస్ట్‌లాక్ చేశాడు. క్రేను పట్టుకునేదీ ఆ మూలనే, కింది పెట్టెకు బిగిసేదీ ఆ మూలనే, లారీ మీద కూర్చునేదీ ఆ మూలనే. ఓడకూ రైలుకూ లారీకీ ఒకే అతుకు.

ఆ తర్వాతి పదేళ్ళు అచ్చంగా బేరసారాల కాలం. మెక్‌లీన్ పెట్టెలు 35 అడుగులవి, పసిఫిక్‌లో మ్యాట్సన్ కంపెనీ వాడేవి 24 అడుగులవి. ఎవరి కొలత వారికి ముద్దు. ఎవరికి వారే ఉండిపోతే ఒకరి పెట్టె మరొకరి ఓడలో పట్టదు, పెట్టె పుట్టిన ప్రయోజనమే ఉండదు. 1961లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కమిటీ వేసింది. చివరికి 10, 20, 30, 40 అడుగులు ప్రమాణాలయ్యాయి, మొదటి ఇద్దరి కొలతల్లో ఒక్కటీ వాటిలో చేరలేదు. అయితే మూలముక్క మీద పేటెంటు హక్కును మెక్‌లీన్ కంపెనీ 1963లో అందరికీ వదిలేసింది. కంటైనర్ చరిత్రలో మొదటి ప్రయాణం కంటే ఈ వదులుకోవడమే పెద్ద సంఘటన అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సొంతానికి దాచుకున్న తాళం ఒక కంపెనీకి లాభం తెచ్చేది, పంచిన తాళం కొత్త మార్కెట్టునే తెచ్చింది. వియత్నాం యుద్ధానికి సామగ్రి మోసిన పెట్టెలు ఖాళీగా తిరిగివస్తూ జపాన్‌లో ఆగి సరుకు నింపుకోవడంతో పసిఫిక్ వర్తకం ఊపందుకుంది.

దీనికి మూల్యం చెల్లించినవారు రేవు కళాసీలు. మూటా బస్తా భుజాన వేసుకుని ఓడ గదిలో ఒద్దికగా సర్దడం ఒక విద్య, పెట్టె వచ్చాక ఆ విద్య అక్కరకు రాకుండాపోయింది. లండన్ నగరాన్ని ఆనుకున్న పాత రేవులు 1981 నాటికి మూతబడ్డాయి. మిగిలిన పనిలో ప్రమాదం కొత్త రూపం తీసుకుంది. పేర్చిన పెట్టెలపైకి ఎక్కి తాళాలు తిప్పడంలో పడి చనిపోయినవారున్నారు. కింది పెట్టె మీద దిగగానే తనంతట బిగుసుకునే సెమీ ఆటోమేటిక్ తాళం ఆ ఎక్కుడు పనిని చాలావరకు తప్పించింది.

ప్రమాదం తర్వాత చట్టం

తెలిసిన పరిష్కారం కూడా ఓడ మునిగేదాకా అమల్లోకి రాదన్నది ఈ రంగపు చేదు అలవాటు. బరువు ఎక్కువైన ఓడలు మునుగుతుంటే శామ్యూల్ ప్లిమ్‌సాల్ పార్లమెంటులో పోరాడి 1876లో ఓడ పక్కన భారరేఖను తప్పనిసరి చేయించాడు. గీత ఎక్కడ గీయాలో మాత్రం యజమానికే వదిలారు. ఆ లొసుగు మూయడానికి మరో దశాబ్దం పైనే పట్టింది. టైటానిక్ 1912లో మునిగాక 1914లో సముద్ర భద్రత ఒప్పందం పుట్టింది. రెండు పొరల అడుగు సంగతి మరీ విడ్డూరం. బ్రూనెల్ గ్రేట్ ఈస్టర్న్ ఓడకు 1858లోనే రెండు పొరలున్నాయి. చమురు ఓడలకు అవి చట్టం కావడానికి 1989లో ఎక్సాన్ వాల్డీజ్ అనే చమురు ఓడ అలాస్కా రాళ్ళకు గుద్దుకోవలసి వచ్చింది.

కెరటాలు విరిగే తీరం

పరిశ్రమ అంటే పెద్ద ఓడలే కానక్కర్లేదు. బంగాళాఖాతం ఒడ్డున, రేవులు లేని చోట, పడవ నేరుగా ఇసుక మీదికి రావాలి. విరిగే కెరటాలే ఇక్కడ అసలు పరీక్ష. మేకులతో బిగించిన యూరోపియన్ల పడవలు ఈ తీరంలో నెర్రెలిచ్చేవి. కొబ్బరితాడుతో పలకలను కుట్టిన మసూలా పడవలు కెరటం దెబ్బకు వంగి, తిరిగి సర్దుకునేవి. మద్రాసులో ఓడరేవు లేని ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీ దొరలూ వారి సామానూ ఆ కుట్టు పడవల్లోనే ఒడ్డు చేరారు. దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పది ఇంకో ఉపాయం. అందులోకి నీరు వచ్చినా నిలవదు, సందుల్లోంచి పోతుంది, కాబట్టి మునగదు. ఒడ్డుకు రాగానే విప్పి దుంగలను ఆరబెట్టుకోవచ్చు.

వీటికి ఇంజను తగిలించడం తేలిక కాదు. ప్రొపెల్లర్ కిందికి ఉండాలి, ఇసుక తగిలితే విరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం, నార్వే నౌకా రూపశిల్పి ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్‌సన్ నమూనాలతో ఒడ్డుకు దిగే పడవలను తయారుచేసి ఉప్పాడ వంటి ఆంధ్ర గ్రామాల్లో పరీక్షించింది. అందులో తెలివైన భాగం, ఇంజను, షాఫ్టు, ప్రొపెల్లర్ ఒకే కట్టుగా కీలు మీద పైకి లేచే ఏర్పాటు. ఒడ్డు దగ్గరికి వచ్చాక లేపేస్తే ఇసుక తగలదు. తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఎక్కువగా స్వీకరించినది మాత్రం ఫైబర్ తెప్ప. తెప్ప రూపూ, ఒడ్డుకు లాగే తీరూ అలాగే ఉంచి, దుంగల చోట ఫైబర్ గ్లాసు వేసి, చిన్న ఇంజను తగిలించినది. నిపుణుల పడవలో నేర్చినవి కొన్ని ఇందులోకి వచ్చాయి, ధరా మరమ్మతూ మాత్రం ఊరి లెక్కకు తగ్గట్టు మారాయి. పగిలితే ఒడ్డునే రెజిను, ఫైబర్ చాప వేసి అతికించుకోగలరు.

ఖర్చు ఒకరిది, ఆదా ఇంకొకరిది

మంచి ఉపాయం ఓడెక్కకపోవడానికి నేడు ముఖ్యమైన అడ్డు యంత్రంలో కంటే ఒప్పంద పత్రంలో ఉంది. సరుకు ఓడలు చాలావరకు కొంతకాలానికి అద్దెకు పోతాయి. ఆ ఒప్పందంలో ఇంధనం ఖర్చు అద్దెకు తీసుకున్నవారిది, ఓడలో కొత్త పరికరం పెట్టించే ఖర్చు యజమానిది. యజమాని డబ్బు పెడితే ఆదా అద్దెదారు జేబులోకి పోతుంది. అందుకే లెక్కలో లాభమని తేలిన పరికరాలు కూడా ఏళ్ళ తరబడి పుస్తకాల్లో ఉండిపోతాయి.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఓడలు మెల్లగా నడవడం ఇందుకు భిన్నమైన ఉదాహరణ. ఇంజను శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం 20 శాతం తగ్గిస్తే కావలసిన శక్తి సగానికి వస్తుంది. ప్రయాణ కాలం పెరిగినా, దూరానికి ఇంధనం మూడో వంతు పైగా మిగులుతుంది. కొనవలసిన పరికరం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీనికి ఒక కొసరు కథ ఉంది. ఓడ ముందు నీటి కింద ఉబ్బిన ముక్కు, దాని అలతో ఓడ అలను కొట్టేసి, నీటి నిరోధాన్ని తగ్గిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలో డేవిడ్ టేలర్ దాన్ని యుద్ధనౌకల్లో వాడగా, జపాన్‌లో తకావో ఇనుయి 1960ల ఆరంభంలో దాని సిద్ధాంతాన్ని పెంచాడు. కానీ ఆ ముక్కు ఒక వేగానికే సరిపోతుంది. 24 నాట్లకు చేసినది 18 నాట్ల దగ్గర అడ్డమవుతుంది. కంపెనీలు బాగున్న ముక్కులను కోయించి, చిన్నవి వెల్డింగ్ చేయించాయి.

గాలి కూడా తిరిగివస్తోంది. జర్మన్ ఇంజనీరు ఆంటన్ ఫ్లెట్నర్ 1924లో బుకావ్ అనే ఓడకు రెండు తిరిగే స్తంభాలు నిలబెట్టాడు. తిరిగే స్తంభానికి గాలి తగిలితే పక్కకు తోపు పుడుతుంది. 1926లో అది అట్లాంటిక్ దాటింది. డీజిలు చవకగా ఉన్న ఆ రోజుల్లో ఎవరికీ అక్కర్లేకపోయింది. 2018లో మెర్స్క్ పెలికన్ ట్యాంకర్ మీద 30 మీటర్ల స్తంభాలు రెండు పెట్టి ఏడాది కొలిస్తే 8.2 శాతం ఇంధనం ఆదా అయిందని ప్రకటించారు. సూత్రం మారలేదు. మారినవి తేలికైన మిశ్రమ పదార్థాలు, గాలి దిశను బట్టి వేగం మార్చే కంప్యూటరు. ఇక వంతెనల కిందికీ క్రేన్ల కిందికీ వెళ్ళేందుకు స్తంభాన్ని పడుకోబెట్టే కీలు 2021లో ఎస్‌సీ కనెక్టర్ ఓడ మీద కనిపించింది.

ఇంధనం విషయంలో ప్రస్తుతం ఒకటే సమాధానం లేదు. 2050 ప్రాంతానికి నికర ఉద్గారాలను సున్నాకు తేవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. నార్వేలో 2015 నుంచి ఆంపియర్ అనే ఫెర్రీ బ్యాటరీలతో నడుస్తోంది. అది రేవు నుంచి రేవుకు కొద్ది నిమిషాల దూరం, మహాసముద్రానికి ఆ లెక్క చాలదు. స్టెనా జర్మానికా 2015లో మెథనాల్‌కు మారింది, మొదటి మెథనాల్ కంటైనర్ ఓడ లారా మెర్స్క్ 2023లో వచ్చింది. మెథనాల్ మామూలు ద్రవమే, ట్యాంకులో పోసి ఉంచవచ్చు. కానీ అదే శక్తికి నూనె కంటే రెట్టింపుకు పైగా చోటు కావాలి, దాన్ని మండించడానికి ఇంజనులో కొంచెం డీజిలు కూడా చిమ్మాలి, మంట కంటికి సరిగా కనబడదు కాబట్టి మంటలార్పే శిక్షణ మార్చాలి. అమ్మోనియాకు విషం ఉంది, హైడ్రోజన్‌కు అతిచల్లని ట్యాంకు కావాలి. ఇప్పుడు కట్టే ఓడ ఇరవై, పాతికేళ్ళు తిరగాలి గనుక ఏ ఇంధనం గెలుస్తుందో తేలేదాకా ఆగే వీల్లేదు. అందుకని రెండు ఇంధనాలతో నడిచే ఇంజన్లు తీసుకునేవారు పెరిగారు. కొందరు యజమానులు నేటి నూనె ఇంజనే పెట్టించుకుని, రేపు రావలసిన ట్యాంకుకు డెక్కు కింద చోటు, పైపులకు దారి వదిలి యార్డు నుంచి ఓడను తీసుకుంటున్నారు.